ఆ ఇరవై నిమిషాలు ఎవరిస్తారు?

పోయినేడాది వినాయక చవితికి పాలవెల్లి దింపుదామని స్టూలెక్కి అటక మీదకి చెయ్యి చాపితే, ఎడం చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ముందు నొప్పి కన్నా ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాతే భుజంలోంచి మోచెయ్యి దాకా కత్తితో గీసినట్టయి స్టూలు మీదే కూర్చుండిపోయాను.

నిజం చెప్పాలంటే చెయ్యి ఆ రోజే పోలేదు. అంతకు రెండు నెలల ముందు నుంచే జడ వేసుకోలేక క్లిప్పు పెట్టుకుంటున్నాను. వెనక హుక్కులున్న జాకెట్లు పక్కన పడేసి ముందు హుక్కులవే వేసుకుంటున్నాను. రాత్రి ఎడం పక్కకి తిరిగితే మెలకువొచ్చేసేది. ఇవన్నీ ఒక జబ్బు లక్షణాలని నాకు తట్టనే లేదు. మనకి తట్టదు కూడా. జాకెట్టు మార్చుకుంటాం గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళం.

ఆ రోజు నుంచీ ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. మా అత్తయ్యది విజయనగరం వైపు పల్లెటూరు. ఆవిడకి తెలిసిన వైద్యమల్లా కాపడమే. పెనం మీద రాళ్ళుప్పు వేడి చేసి గుడ్డలో మూటకట్టి ఒకరోజు, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు వేసి ఇంకోరోజు, వావిలాకు మరిగించిన నీళ్ళతో మరోరోజు. ఉక్కునగరంలో వావిలాకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు గానీ ఆవిడ ఎవరితోనో చెప్పి తెప్పించేశారు. మా అబ్బాయేమో "వేడి కాదమ్మా, ఐస్ పెట్టాలి" అని ఫ్రిజ్‌లోంచి బఠాణీల ప్యాకెట్టు తీసుకొచ్చాడు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడతాడు, వాళ్ళకి దెబ్బ తగిలితే ఐసే మందు.

ఇద్దరూ తప్పు కాదని తర్వాత తెలిసింది. చీలమండ బెణికి అప్పుడే వాచిందనుకోండి, చల్లదనం నొప్పిని మొద్దుబారుస్తుంది, పది పదిహేను నిమిషాలు, మధ్యలో తడిగుడ్డ ఉండాలి. పాత నొప్పి, బిగుసుకుపోయిన కండ అయితే వేడి హాయిగా ఉంటుంది, రక్తం బాగా ఆడుతుంది, కండ వదులవుతుంది. ఆటగాళ్ళ ఐసు సంగతిలో ఒక తమాషా ఉంది. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, బిగుతుగా కట్టు, కాలు పైకి పెట్టడం అని నాలుగు ముక్కల సూత్రాన్ని 1978లో తన పుస్తకంలో రాసింది గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు. ఆయనే 2014లో, ఐసు నొప్పి తగ్గిస్తుంది గానీ దెబ్బ మానడాన్ని ఆలస్యం చెయ్యొచ్చని మాట మార్చుకున్నాడు. ఇది చెప్తే మా అత్తయ్య మొహం చూడాలి!

హార్బరు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమె ఇంకా సూటిగా అడిగింది. నేను భుజం మీద ఐసు ముక్కలు పెట్టుకుని గుమ్మంలో నిలబడితే, "అదేటమ్మా, ఐసు ఎడితే నొప్పి తగ్గిపోద్దా? తెల్లారగట్ల నుంచీ నా సేతులు ఐసులోనే ఉంటాయి కదా, మరి నాకు తగ్గదేటి?" అంది. ఆమె వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. అన్నేళ్ళుగా ఆమె దగ్గర చేపలు కొంటున్నాను, అప్పటిదాకా ఆ వేళ్ళు చూడలేదు.

సరే, చివరికి గాజువాకలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్ళాను. పేరు వద్దు. పది సిట్టింగులు, సిట్టింగుకి 300, పదీ ఒకేసారి కడితే కొంచెం తగ్గింపు. మీలో చాలామందికి ఆ గది తెలిసే ఉంటుంది. పచ్చ కర్టెన్లు, వరసగా మంచాలు, మూలన వేడినీళ్ళ స్టీలు పెట్టె. అందులో సుమారు 70 డిగ్రీల నీళ్ళల్లో బరువైన సంచులు నానుతుంటాయి. లోపల ఉండేది ఒకరకం బంకమట్టి, నీళ్ళు పీల్చుకుని వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. దాన్ని ఐదారు పొరల టవల్లో చుట్టి భుజం మీద పెడతారు. అంటే ఏమిటన్న మాట? మా అత్తయ్య ఉప్పు మూటే, కాస్త చదువుకుంది.

తర్వాత కరెంటు. రెండు జతల ప్యాడ్లు భుజం చుట్టూ అడ్డంగా అంటిస్తారు. ఒక జతలో కరెంటు సెకనుకి 4000 సార్లు అటూ ఇటూ ఊగితే, ఇంకో జతలో 4100 సార్లు. రెండూ ఒంట్లో కలిసే చోట ఆ తేడా, అంటే సెకనుకి 100 సార్లు కొట్టుకునే అల పుడుతుంది. చీమలు వరసగా నడుస్తున్నట్టు, చక్కిలిగింతకీ తిమ్మిరికీ మధ్యలో ఉంటుంది. ఆ తర్వాత చల్లటి జెల్లీ రాసి అల్ట్రాసౌండు. గర్భిణులకి బిడ్డని చూసే స్కానింగ్‌కి వాడేదీ మన చెవికి వినపడని శబ్దమే గానీ, ఇక్కడ బొమ్మ కోసం కాదు, లోపలి కండకి మెల్లగా వేడి పుట్టించడానికి.

పది రోజులూ వెళ్ళాను. నాకు ఎంత నచ్చిందో చెప్తే నవ్వుతారు. మంచం మీద పడుకోగానే ఆ అబ్బాయి కర్టెన్ లాగి, "ఇరవై నిమిషాలు కదలకండి మేడమ్" అనేవాడు. కదలకండి! పెళ్ళైన పాతికేళ్ళలో నాతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఫోను బ్యాగులో ఉండేది. కుక్కరు కూత లేదు, కాలింగ్ బెల్ లేదు, "నా కళ్ళద్దాలు చూశావా" లేదు. మెషీన్ టిక్కుటిక్కుమంటుంటే నేను నిద్రపోయేదాన్ని. ఇంటికొచ్చాక రెండు గంటలు హాయిగా ఉండేది.

పదో రోజు అయ్యాక అటక మీదకి చెయ్యి చాపి చూశాను. పాలవెల్లి దగ్గర ఆగిన చోటే ఆగింది.

నాకు అప్పుడు వచ్చిన కోపం మెషీన్ల మీద కాదు. ఆ పది రోజుల్లోనూ చెయ్యి ఎలా కదపాలో ఒక్కరు నేర్పలేదు. ఆఖరి రోజున బొమ్మలున్న జెరాక్స్ కాయితం ఒకటి చేతిలో పెట్టారు. "ఇవి ఇంట్లో చేసుకోండి" అన్నారు. దాన్ని బిల్లుతోపాటు మడిచి పర్సులో పెట్టుకున్నాను. తప్పు వాళ్ళదెంతో నాదీ అంతే.

ఎముకల డాక్టరుని కలిస్తే ఆయన మొదట అడిగింది భుజం సంగతి కాదు, "షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు, థైరాయిడ్ ఉందా?" అని. భుజం కీలు చుట్టూ ఉండే సంచీలాంటి పొర మందమై, ముడుచుకుని బిగుసుకుపోతుంది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, 1934లో కాడ్‌మన్ అనే డాక్టరు పెట్టిన పేరు. నలభై నుంచి అరవై మధ్య వయసులో, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ. షుగరున్న వాళ్ళకి మరీ ఎక్కువ, థైరాయిడ్ తేడా ఉన్నవాళ్ళకీ వస్తుంది. ఒక్కోసారి షుగరుందని తెలిసేదే ఈ భుజం చూపించుకోడానికి వెళ్ళినప్పుడు. కాబట్టి మీలో ఎవరైనా ముందు హుక్కుల జాకెట్లకి మారి ఉంటే, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. నాకు థైరాయిడ్ అని తేలింది.

ఆయన పంపిన చోట ఫిజియో ఒక చిన్న అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసుంటుంది. కోణమాని లాంటిది భుజానికి ఆనించి కొలిచింది. చెయ్యి పక్కకి 70 డిగ్రీలే లేస్తోంది, పూర్తిగా లేస్తే 180. ఆ పిల్ల చెప్పిన మాట ఒక్కటే నాకు మొత్తం విషయం విప్పింది. "ఆంటీ, మెషీన్ నొప్పిని కాసేపు పక్కకి జరుపుతుంది, అంతే. ఆ జరిగిన కాసేపట్లో మీరు చెయ్యి కదిపితే పని జరుగుతుంది. పడుకుని ఇంటికెళ్ళిపోతే నొప్పి మళ్ళీ తన చోటికొచ్చి కూర్చుంటుంది" అంది. వేడి పెట్టేది సాగదీసే ముందు కండ వదులవడానికి, ఐసు పెట్టేది చేశాక సలుపు పుడితే అణచడానికి. అసలు వైద్యం మధ్యలో ఉన్న ఎక్సర్‌సైజు. మేము మధ్యది వదిలేసి ముందూ వెనకా డబ్బు కట్టామన్నమాట.

అలాగని బలవంతంగా లాగెయ్యకూడదు కూడా. మొదట్లో నొప్పి మండుతున్న దశలో లాగితే ఇంకా బిగుస్తుందట. అందుకే తేలికైనవి ఇచ్చింది. మంచి చేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి, జబ్బు చేతిని గడియారం లోలకంలా వేలాడేసి ఊపడం. ఇదీ ఆ కాడ్‌మన్‌గారి పేరు మీదే ఉంది. గోడ మీద వేళ్ళతో సాలీడులా పైకి పాకడం, రోజూ ఎంతవరకు వెళ్ళాయో పెన్సిల్‌తో గీత పెట్టడం. వెనక నుంచి టవల్ పట్టుకుని పై చేత్తో కింద చేతిని లాగడం. రోజుకి మూడుసార్లు. ఒక్కోసారి ఇరవై నిమిషాలు.

ఇదిగో, ఇక్కడ వచ్చింది చిక్కు.

క్లినిక్‌లో ఇరవై నిమిషాలు పడుకుంటే దాన్ని ట్రీట్‌మెంట్ అంటారు. ఇంట్లో అవే ఇరవై నిమిషాలు గోడ దగ్గర నిలబడి చెయ్యి పాకిస్తుంటే, ఖాళీగా ఉన్నట్టు లెక్క. "ఊరికే ఉన్నావు కదా, కాస్త కాఫీ ఇస్తావా?" మూడో గీత దగ్గర ఉండగా గ్యాస్ సిలిండరొస్తుంది. లోలకం ఊపుతుంటే అత్తయ్య "ఏం పారేసుకున్నావమ్మా, వెతుకుతున్నావు?" అంటారు. మొదటి వారంలో నేను పూర్తిగా చేసింది రెండంటే రెండుసార్లు. ఆ అమ్మాయి మళ్ళీ కొలిస్తే అవే 70.

నాలుగేళ్ళ క్రితం మావారికి నడుం పట్టేసింది. ఆయన స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ వైపు పని. అక్కడి ఫర్నేసులకి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటి నోట్లోంచి సుమారు 1500 డిగ్రీల దగ్గర కరిగిన ఇనుము పారుతుంది. "అంత వేడి దగ్గర నిలబడొచ్చిన వాడికి మీ 70 డిగ్రీల సంచి ఏం ఆనుతుందే" అని జోకులేసేవారు. అయినా ఆయన మందు సెలవు పెట్టిన మూడు వారాలూ, ఆ తర్వాత మూడు నెలలూ, పొద్దున్న ఆరు నుంచి ఆరున్నర ఆయన ఎక్సర్‌సైజు టైము. హాల్లో చాప నేనే పరిచేదాన్ని. టీవీ పెట్టనిచ్చేదాన్ని కాదు. పిల్లలు పిల్లుల్లా నడిచేవాళ్ళు. ఆయనకి తగ్గింది. తగ్గకేం చేస్తుంది? ఇంటిల్లిపాదీ కలిసి ఆయన అరగంటకి కాపలా కాశాం.

మావారు చెడ్డవారని కాదు. నాకూ ఒక అరగంట కావాలని ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదు, అదీ అసలు సంగతి. అందుకే మనకి మెషీన్లంటే అంత ఇష్టం అనిపిస్తుంది నాకు. "పది సిట్టింగులు రాశారు" అంటే ఇంట్లో ఎవరూ కాదనరు, డబ్బు కట్టాం కాబట్టి పంపిస్తారు. "రోజుకి గంటసేపు నన్ను పిలవకండి" అంటే మాత్రం అడిగేవాళ్ళకే సిగ్గుగా ఉంటుంది.

ఇంట్లో పెట్టుకునే కాపడం గురించి ఒక్క మాట. నా తప్పు చెప్పుకోవాలి. పోయిన డిసెంబరులో అత్తయ్య పాదాలు చల్లబడిపోతున్నాయంటే రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి కాళ్ళ దగ్గర పెట్టాను. ఆవిడకి పద్ధెనిమిదేళ్ళుగా షుగరు. "చాలా వేడిగా ఉందా అత్తయ్యా?" అంటే "అసలు వేడే లేదమ్మా, ఇంకాస్త పొయ్యి" అన్నారు. పోశాను. పొద్దున్న దుప్పటి తీస్తే అరికాలి పక్కన నిమ్మకాయంత బొబ్బ. ఆవిడకి నొప్పే తెలీలేదు. షుగరు వల్ల పాదాల నరాలు మొద్దుబారితే వేడి తెలీదు, వేడి తెలియనివాళ్ళని అడిగి వేడి పెట్టడం ఎంత తెలివితక్కువో ఆ బొబ్బ చూశాకే అర్థమైంది. నీళ్ళు 60 డిగ్రీలుంటే చర్మం కాలడానికి కొద్ది సెకన్లు చాలు, నేను రాత్రంతా పెట్టాను. అది మానడానికి రెండు నెలలు పట్టింది. రోజు విడిచి రోజు కట్టు, వేలు తీసెయ్యాల్సి వస్తుందేమోనన్న భయం. నేను రాత్రుళ్ళు ఏడ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. షుగరున్న పెద్దవాళ్ళ పాదాలకి కాపడం వద్దు. సాక్సు తొడగండి చాలు. వాళ్ళు స్నానం చేసే నీళ్ళు కూడా మీ మోచెయ్యి పెట్టి చూశాకే పొయ్యండి.

ఇప్పుడు ఇంకో కొత్త సరదా వచ్చింది. విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకి అరచేతిలో పట్టే కరెంటు మెషీన్లు పంపుతున్నారు. మా ఆడపడుచు కొడుకు పంపించాడు, టెన్స్ అంటారు దాన్ని. మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటే గబుక్కున రుద్దుకుంటాం కదా, రుద్దితే నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది. రుద్దిన స్పర్శ వెన్నుపాములో నొప్పి వార్తకి గేటు వేసేస్తుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ఒక సిద్ధాంతం చెప్పారు. ఈ మెషీను అదే పని కరెంటుతో చేస్తుంది. ఆలోచన కొత్తదేం కాదు. దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితం రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికీ కీళ్ళవాతానికీ షాకు కొట్టే చేపని నొప్పి ఉన్నచోట పెట్టమన్నాడు. మా చేపలామెకి చెప్తే "అయితే అది కూడా తెస్తానుండమ్మా" అంది.

మెషీను వచ్చిందని మా ఆడపడుచు మామగారికి పెట్టబోయింది. ఆయనకి గుండెలో పేస్‌మేకర్ ఉంది! డబ్బా మీద చిన్న అక్షరాల్లో వద్దని రాసే ఉంది, ఎవరు చదివారు? పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి, గర్భిణుల పొట్ట మీద, ఎవరికైనా గొంతు ముందు భాగంలో అది పెట్టకూడదు.

పోనీ అంత చేస్తే ఫలితం ఎంత? ఇంగ్లండ్‌లో డాక్టర్లకి సలహాలు రాసిచ్చే నైస్ అనే సంస్థ నడుంనొప్పికి టెన్స్, అల్ట్రాసౌండు, ఆ అడ్డం కరెంటు మెషీను ఇవ్వొద్దని 2016లోనే చెప్పింది. కీళ్ళ అరుగుదలకీ కరెంటు మెషీన్లు వద్దని 2022లో రాసింది. రెండిటికీ ముందుగా చెప్పింది ఎక్సర్‌సైజే. అవి చదివాక నేను మెషీన్లన్నీ దండగ అని వాదించాను. ఆ చిన్న ఫిజియో అమ్మాయే నన్ను ఆపింది. నొప్పికి భయపడి చెయ్యి కదపని మనిషికి అరగంట ధైర్యం ఇచ్చే పని వేడి చేస్తే చెయ్యనివ్వండి ఆంటీ అంది. చేపలామె లాంటి వాళ్ళ వేళ్ళకి కరిగించిన మైనంలో ముంచే వైద్యం ఉంది, 50 డిగ్రీలు దాటిన మైనం, వేళ్ళకి తొడుగులా అంటుకుంటుంది. అది తీశాక వేళ్ళు ముడవడం తెరవడం తేలికవుతుంది. ఆ పిల్ల మాటే సరైనదనిపిస్తోంది నాకు. నేను అడిగేదల్లా, పది సిట్టింగులకి డబ్బు తీసుకునేవాళ్ళు అందులో సగం టైము చెయ్యి కదిలించడం నేర్పడానికి పెట్టమని. పెట్టకపోతే మనమే అడగాలి. "ఈ మెషీను తర్వాత నేను చెయ్యాల్సిందేమిటి? చేసి చూపించండి" అని. చూపించడానికి విసుక్కునే చోట రెండో సిట్టింగుకి వెళ్ళనక్కర్లేదు.

అత్తయ్య కాలు మానుతున్న రోజుల్లోనే ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఆవిడ మంచం గోడకి ఎదురుగా వేశాం, ఆ గోడ మీదే నా పెన్సిల్ గీతలు. కదలకుండా పడుకున్న మనిషికి వేరే కాలక్షేపం ఏముంటుంది, నా చెయ్యి చూడడం మొదలుపెట్టారు. "నిన్న ఇక్కడిదాకా పాకింది, ఇవాళ తగ్గిందేమే?" అని అడిగేవారు. ఓ రోజు మావారు కాఫీ అడిగితే ఆవిడే, "దానికి వైద్యం జరుగుతోందిరా, నువ్వే పెట్టుకో, నాకూ ఓ అరగ్లాసు పట్రా" అన్నారు. నేను గోడ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆయన పెట్టారు. పంచదార ఎక్కువైంది.

ఇప్పుడు పదిన్నరకి, నాలుగుకి, రాత్రి భోజనాలయ్యాక నా టైము. ముందు ఉప్పు మూట, తర్వాత గోడ. పోయిన నెల కొలిస్తే 140 వచ్చింది. ఇంకా వెనక హుక్కులు అందట్లేదు, దానికి ఏడాది పైనే పట్టొచ్చట. లెక్క మాత్రం అత్తయ్యదే, పక్కన కూర్చుని ఒకటీ రెండూ మూడూ అని పైకి లెక్కపెడతారు. పద్నాలుగు తర్వాత పదహారంటారు. నేను సరిదిద్దితే, "చెయ్యెత్తవే ముందు" అంటారు.